సెమీస్‌లో జరిగింది ఫైనల్‌లో జరగొద్దు, ఏం చేయాలో చెప్పండి

ఎడమకాలు | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మాది నల్గొండ దగ్గర ఒక మండల కేంద్రం. ఏటా ఎండాకాలం సెలవుల్లో సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడతాం, ఈసారి పదహారు టీములు, దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి కూడా పిల్లలు వచ్చారు. నిన్న సెమీఫైనల్. గ్రౌండ్ చుట్టూ ఎనిమిది వందల మంది దాకా ఉంటారు, సాయంత్రం నాలుగున్నర అయినా సిమెంటు మెట్లు ఇంకా కాలుతూనే ఉన్నాయి.

రెండో హాఫ్‌లో మాకు పెనాల్టీ వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే కార్నర్ జెండా వైపు, వేపచెట్టు నీడ పడే మెట్టు మీద ఒక పెద్దాయన పక్కనున్న పిల్లగాడి భుజం మీదికి ఒరిగాడు. వాడు ఆట చూస్తూనే 'పెద్దయ్యా, సక్కగ కూసో' అని పక్కకు నెట్టాడట. ఆ సంగతి తర్వాత వాడే నాకు చెప్పి ఏడ్చాడు. ఆయన గురక పెడుతుంటే నిద్రపోయాడనుకున్నారు. ఒకరు కల్లు ఎక్కువైందన్నారు, ఒకరు ఎండదెబ్బ అన్నారు. ఒకాయన చెప్పు తీసి ముక్కు దగ్గర పెట్టాడు, ఇంకొకాయన సీసాలో నీళ్లు నోట్లో పోశాడు. ఇటు పెనాల్టీ గోల్ అయింది, డప్పులు మోగాయి, అవతలి వైపున్న కమిటీ వాళ్లకు ఏమీ తెలియదు. నాకు తెలిసేసరికి ఎన్ని నిమిషాలు గడిచాయో లెక్కపెట్టుకోవాలన్నా భయమేస్తోంది.

108కి నలుగురు ఫోన్ చేశారు. ఒకరు జూనియర్ కాలేజీ గ్రౌండ్ అన్నారు, ఒకరు చెరువు కట్ట పక్కన అన్నారు, ఇంకొకరు పాత బస్టాండ్ వెనక అన్నారు. మూడూ ఒకటే, కానీ అది మా ఊరివాళ్లకే తెలుసు. బండి త్వరగానే వచ్చింది, నిజం చెప్పాలి. పెద్ద గేటుకేమో తాళం. తాళంచెవి వాచ్‌మన్ జేబులో, వాచ్‌మన్ చాయ్ హోటల్లో. గేటు ముందు నలభై, యాభై బైకులు. చివరికి చిన్న గేటులోంచి స్ట్రెచర్‌ను పక్కకు వంచి లోపలికి తెచ్చారు.

ఫైనల్‌కు ఇంకా రెండు వారాలు లేదు. ఇలాంటివి చూసినవాళ్లు ఏం చేయాలో చెప్పండి.

పాలమూరు_గోలీ | సోమవారం, రాత్రి 10:31

అన్నా, అంతా చెప్పినవు గానీ ఆయన ఎట్ల ఉన్నడు ఇప్పుడు?

ఎడమకాలు | సోమవారం, రాత్రి 10:50

పోయాడు తమ్మీ. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. పైన పోస్టులో రాద్దామంటే చెయ్యి ఆడలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:58

చాలా బాధగా ఉంది తమ్ముడూ. నేను స్టాఫ్ నర్స్‌ని, క్యాజువాలిటీలో తొమ్మిదేళ్లు చేశాను. మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, 'గురక' అన్నారు చూడండి, అక్కడ. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామంది అలాగే గుర్రుమంటారు, లేదా ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి అప్పుడోసారి అప్పుడోసారి గాలి మింగుతారు. అది ఊపిరి కాదు. చూసేవాళ్లు మాత్రం 'ఊపిరి ఆడుతోంది కదా, ఏం కాదులే' అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు, కాబట్టి ఆ పిల్లవాడిని ఏమీ అనకండి, వాడి తప్పు లేదు.

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు. ఈ రెండు కనిపిస్తే చాలు, నాడి కోసం వెతుక్కుంటూ కూచోవద్దు. మెట్ల మీద నుంచి చదును నేల మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగం ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎందుకంటే ఎంత బలమైనవాడికైనా చేతులు అలిసిపోయి లోతు తగ్గుతుంది, ఆ తగ్గినట్టు వాడికే తెలియదు. నోట్లో నోరు పెట్టడం రాకపోతే వదిలేయండి, నొక్కడం మాత్రం ఆపొద్దు.

కరెంట్ షాక్ ఇచ్చే పెట్టె, ఏఈడీ అంటారు, అది ఉంటే చాలా మేలు. షాక్ అందేదాకా ఎవరూ ఛాతీ నొక్కకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మీ గేటు దగ్గర ఎంతసేపు పోయిందో ఆలోచించుకోండి. అనాలని అనడం లేదు, మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా.

ఇక చెప్పు వాసన సరే, దాంతో నష్టమూ లేదు లాభమూ లేదు, టైమ్ మాత్రం పోతుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం మాత్రం ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తాటివనం | మంగళవారం, ఉదయం 7:20

అందరూ తప్పుగా అనుకోవద్దు. మనిషి పోవడం బాధే. కానీ ఊరి టోర్నమెంట్‌కు ఇంత హంగామా అవసరమా? మనం నడిపేది చందాల మీద. బంతులు, జెర్సీలు, కప్పు, మైకు సెట్టు, భోజనాలు, వీటికే చాలదు. రేపు ఎవరైనా కళ్లు తిరిగి పడిన ప్రతిసారీ ఆట ఆపితే జనం ఊరుకుంటారా? సెమీఫైనల్లో పెనాల్టీ టైమ్‌కు ఆట ఆపుంటే కొట్టుకునేవాళ్లు.

విజిల్_సార్ | మంగళవారం, ఉదయం 8:05

నేను పీఈటీని, జిల్లా స్థాయిలో రిఫరీగా చేస్తుంటా. జనం ఊరుకుంటారా అనేది కాదు ప్రశ్న, నాకు ఎవరు చెప్తారు అనేది ప్రశ్న. ఆట నడుస్తున్నంతసేపు నా కళ్లు బంతి మీద, కాళ్ల మీద ఉంటాయి. మెట్ల మీద ఏం జరుగుతోందో నాకు కనిపించదు. ఆట నియమాల్లో ఐదోదాని ప్రకారం బయటి కారణం వల్ల ఆట ఆపే అధికారం రిఫరీకి ఉంది. మళ్లీ మొదలుపెట్టడానికి డ్రాప్ బాల్ వేస్తాం, అంటే రిఫరీయే బంతిని కింద వదులుతాడు, ఎవరి స్కోరూ పోదు. తాటివనం గారూ, మీ గోల్ ఎవరూ ఎత్తుకుపోరు.

పెద్ద మ్యాచుల్లోనే ఆపారు. 2021 అక్టోబరు 17న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో టాటెన్‌హామ్ మ్యాచ్. మొదటి హాఫ్ అయిపోవస్తుండగా స్టాండ్‌లో ఒకాయన కూలిపోయాడు. పక్కనున్నవాళ్లు చేతులు ఊపుతుంటే టాటెన్‌హామ్ డిఫెండర్ రెగిలాన్ చూసి రిఫరీకి చెప్పాడు, అదే జట్టు ఆటగాడు డయ్యర్ తమ బెంచీ దగ్గరికి పరుగెత్తి షాక్ పెట్టె తెమ్మన్నాడు. ప్రేక్షకుల్లోనే ఉన్న డాక్టర్లు వచ్చి సీపీఆర్, అదే సిస్టర్ చెప్పిన ఛాతీ నొక్కడం, చేశారు. ఆటగాళ్లను లోపలికి పంపేశారు, తర్వాత మిగిలిన ఆట ఆడించారు. ఆయన బతికాడు. యాభై వేల మంది పట్టే స్టేడియం అది. అక్కడ ఎవరూ కొట్టుకోలేదు.

పాలమూరు_గోలీ | మంగళవారం, ఉదయం 8:40

సార్, మా గోల్‌కీపర్లది ఒకటి మర్చిపోయారు. 2022 సెప్టెంబరు 10, స్పెయిన్‌లో కాడిజ్, బార్సిలోనా మ్యాచ్. గోల్ వెనక స్టాండ్‌లో ఒకాయన పడిపోతే కాడిజ్ కీపర్ లెడెస్మా గ్రౌండ్ మొత్తం అడ్డంగా ఉరికి, షాక్ పెట్టె తెచ్చి స్టాండ్‌లోకి విసిరాడు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు మేం ఊరికే నిలబడతాం, వెనక ఏం జరుగుతోందో అందరికంటే ముందు మాకే తెలుస్తుంది. కాబట్టి రెండు టీముల కీపర్లకూ టాస్ దగ్గరే చెప్పి పెట్టండి.

పైలట్_అన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఆరేళ్లు 108లో పైలట్‌గా చేసిన, పైలట్ అంటే డ్రైవరే, విమానం కాదు. మీరు ఫోన్ చేస్తే ఎత్తేది పక్క ఊరి పిల్లగాడు కాదు, హైదరాబాద్ శివారులో ఉన్న కాల్ సెంటర్. వాళ్లకు మీ వేపచెట్టు తెలియదు, పాత బస్టాండ్ కొత్త బస్టాండ్ తెలియదు. జిల్లా, మండలం, ఊరు, ఆ తర్వాత గ్రౌండ్ పేరు, ఏ రోడ్డు వైపు గేటు. ఈ వరుసలో ఒక అట్ట మీద రాసి మైకు టేబుల్‌కు అంటించండి, ఫోన్ చేసేవాడు చూసి చదవాలి. టెన్షన్‌లో సొంత ఊరి పేరు కూడా గుర్తుకు రాదు, నేను చూసిన. ఒక్కరే చేయాలి, లైన్ మీదే ఉండాలి, ఏం చేయాలో వాళ్లే చెప్తారు. నలుగురు నాలుగు తీర్ల చెప్తే ఏ బండిని ఎటు పంపాలో అక్కడ అర్థం కాదు.

రెండోది, మెయిన్ రోడ్డు మలుపు దగ్గర బైకు మీద ఒకడు ఉండాలి. ఎర్ర తువ్వాల ఊపుతూ మా ముందు పోవాలి. సైరన్ విని జనం పక్కకు జరుగుతారు, బైకులు జరగవు కదా. స్ట్రెచర్ వంచి తెచ్చినమన్నరు, నాకు కళ్లకు కట్టినట్టే ఉంది, ఎన్ని గేట్ల దగ్గర అట్లే వంచినమో.

ఒక్క_డౌట్ | మంగళవారం, సాయంత్రం 6:02

నాకో డౌట్. ఛాతీ నొక్కితే పక్కటెముక విరిగి, తర్వాత మనిషి పోతే, కేసు నా మీద పెడతారా? ఇంట్లోవాళ్లు అదే అంటున్నారు, నీకెందుకు రా అని.

కోర్టు_మెట్లు | మంగళవారం, సాయంత్రం 7:44

సాయం చేసినవాళ్లకు రక్షణ అనగానే అందరూ మోటారు వాహనాల చట్టం 134ఏ చెప్తారు, అది రోడ్డు ప్రమాదాలకు. గ్రౌండ్‌లో వర్తించేది వేరే, భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్, పాత ఐపీసీలో 92. స్పృహ లేక ఒప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషికి మేలు చేయాలని సదుద్దేశంతో చేసిన పనిలో హాని జరిగినా అది నేరం కాదు. మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:30

పక్కటెముక విరిగితే అతుక్కుంటుంది బాబూ. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద పడిపోయిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించిన వీడియో మీరందరూ చూసే ఉంటారు. ఆయన డాక్టర్ కాదుగా.

ఇంకొకటి. పడిన ప్రతి మనిషికీ ఛాతీ నొక్కరు. మన ఎండల్లో వడదెబ్బ చాలా ఎక్కువ. ఒళ్లు నిప్పులా కాలుతుంటుంది, మాట తడబడుతుంది, అడ్డదిడ్డంగా మాట్లాడతారు. అప్పుడు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి గట్టిగా విసరాలి, బండి వచ్చేదాకా ఆపకుండా. స్పృహ బాగా ఉన్నవాళ్లకే ఓఆర్ఎస్ గానీ మజ్జిగ గానీ. షుగర్ గోలీ వేసుకుని అన్నం తినకుండా ఆటకు వచ్చేవాళ్లు ఉంటారు, చెమటలు, వణుకు వస్తాయి, మింగగలిగితే చక్కెర నీళ్లు పట్టండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, పట్టుకుని అదమొద్దు. చుట్టూ రాళ్లు తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆలోచించకుండా 108.

పాలమూరు_గోలీ | మంగళవారం, రాత్రి 9:41

అక్కా, షుగర్ గోలీ అంటే నేను కాదు కదా.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:43

నువ్వు కాదులే, పడుకో.

పాతబంతి | బుధవారం, ఉదయం 6:10

అరవై దాటినవాణ్ణి, నా మాట కూడా వినండి. లాల్ బహదూర్ స్టేడియంలో లీగ్ మ్యాచులు చూడ్డానికి మహబూబ్‌నగర్ నుంచి ప్యాసింజర్ రైలెక్కి పోయేవాళ్లం. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉండగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు, సరే అది వేరే సంగతి. చెప్పొచ్చేదేంటంటే, మీరందరూ గుండె దగ్గరే ఆగిపోయారు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవై తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. మన దగ్గర సూర్యాపేటలో 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో తాత్కాలిక గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. తమ్మీ, మీరు ఫైనల్‌కు కర్రలతో గ్యాలరీ కడుతున్నారా? కడితే మానేయండి. జనం నేల మీద కూచుని చూస్తారు, అదే నయం. ఒకేసారి పదిమందికి దెబ్బలు తగిలితే ఇంకో చిక్కు ఉంది. గట్టిగా ఏడ్చేవాళ్లను అందరూ ముందు ఎత్తుకుపోతారు, కిక్కురుమనకుండా పడున్నవాడిని ఎవరూ చూడరు. ముందు చూడాల్సింది వాడినే.

ఎడమకాలు | బుధవారం, రాత్రి 10:20

గ్యాలరీ కట్టాలనే అనుకున్నాం తాతా, వెదురుకు అడ్వాన్స్ కూడా ఇచ్చాం. రేపు వాపసు అడుగుతా.

ఈరోజు కమిటీ కూచుంది. షాక్ పెట్టె కొనే స్థోమత లేదు, అడిగితే అద్దెకు కూడా దొరకలేదు. మిగతావి డబ్బుతో పనిలేనివే, అయినా గంటన్నర కొట్లాట. గేటు తాళం తీసేస్తే టికెట్ లేకుండా వస్తారని ఒకాయన. మన టికెట్ ఇరవై రూపాయలు! చివరికి గేటుకు తాళం బదులు తాడు కట్టి, అక్కడ ఇద్దరిని కూచోబెట్టాలని తేల్చాం.

తాటివనం | బుధవారం, రాత్రి 11:05

నేను మొన్న రాసింది తొందరపడి రాశాను. పోయినాయన మా బావకు మేనమామ అని ఈరోజే తెలిసింది. గేటు దగ్గర నేను కూచుంటా.

విజిల్_సార్ | గురువారం, ఉదయం 7:50

సైగ ఒకటి పెట్టుకోండి. విజిల్ వద్దు, జనంలో సగం మంది దగ్గర విజిళ్లు ఉంటాయి. జనంలో నిలబడే వాలంటీర్లు రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే దగ్గరున్న లైన్స్‌మన్ జెండా ఊపుతాడు, నేను ఆపుతాను. మైకు అతను కామెంటరీ ఆపి ఒక్క మాటే చెప్పాలి: 'తూర్పు వైపు మెట్ల దగ్గర, డాక్టర్లు, నర్సులు ఉంటే రండి, మిగతావాళ్లు కూచోండి.' 2012లో లండన్‌లో మువాంబా అనే ఆటగాడు మైదానంలో కూలిపోయినప్పుడు మొదట పరుగెత్తినవాళ్లలో ఆట చూడ్డానికి వచ్చిన గుండె డాక్టర్ ఒకాయన ఉన్నాడు. 78 నిమిషాలు ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంది. జనంలో ఎవరున్నారో మనకు తెలియదు, అడిగితే కదా వస్తారు.

ఎడమకాలు | సోమవారం, రాత్రి 11:30

ఫైనల్ అయిపోయింది. మాట ఇచ్చాను కాబట్టి జరిగింది రాస్తున్నా.

ఆట అయిదుంబావుకు జరిపాం. పీహెచ్‌సీకి దరఖాస్తు ఇస్తే ఏఎన్ఎమ్మమ్మ, ఇద్దరు ఆశా వర్కర్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లతో వచ్చారు. నర్సింగ్ చదివే ఇద్దరమ్మాయిలు ముందు రోజు సాయంత్రం మా పదిమందికి ఛాతీ నొక్కడం నేర్పారు. బైకులన్నీ పక్కనున్న కల్లంలో పెట్టించాం, తిట్లు బాగా పడ్డాయి. వేపచెట్టు కింద ఆ మెట్టు మీద ఈసారి కూడా జనం కూచున్నారు, కూచోక ఏం చేస్తారు, నీడ అక్కడే ఉంది.

రెండో హాఫ్ పదో నిమిషంలో తూర్పు వైపు పద్నాలుగేళ్ల పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. చూసింది అవతలి టీం గోల్‌కీపర్! చేతులు తల మీద పెట్టేశాడు, రిఫరీ ఆపాడు. ఎవరో పరుగున తాళాలగుత్తి తెచ్చారు, నర్సింగ్ అమ్మాయి తీసుకుని జేబులో వేసుకుంది, అంతే, వాదన పెట్టుకోలేదు. పిల్లాణ్ణి పక్కకు తిప్పి, తల కింద జెర్సీ మడిచి పెట్టారు. నేను ఫోన్ చూస్తూ నిమిషాలు లెక్కపెట్టా. మూడు కాకముందే ఆగాయి. వాళ్లమ్మ చెప్పింది, రెండు రోజులుగా మందు వేయలేదట. అయినా 108 పిలిచాం, తాడు విప్పారు, బండి నేరుగా లోపలికి వచ్చింది.

జరగనివి కూడా చెప్తా. మైకు అతను భయపడి 'అందరూ రండి' అన్నాడు, యాభై మంది మీద పడ్డారు, వాళ్లను తోయడానికే ఇద్దరు పట్టారు. రోడ్డు మలుపు దగ్గర ఉండాల్సిన బైకు కుర్రాడు మ్యాచ్ చూడ్డానికి లోపలికి వచ్చేశాడు. ఆట ఆగింది పన్నెండు నిమిషాలు, ఒకట్రెండు నీళ్ల ప్యాకెట్లు గ్రౌండ్‌లో పడ్డాయి గానీ పిల్లాణ్ణి చూసి సద్దుమణిగారు. మొదలైన రెండో నిమిషంలో మాకు గోల్ పడింది, 1-0తో ఓడిపోయాం. ఆ బ్రేక్ వల్లే పోయిందని మా సెంటర్ ఫార్వర్డ్ నాతో మాట్లాడటం లేదు.

పాలమూరు_గోలీ | సోమవారం, రాత్రి 11:52

కీపర్ చూశాడు అన్నప్పుడు నాకు రోమాలు లేచినయ్ అన్నా. మా దగ్గర వచ్చే నెల టోర్నమెంట్ ఉంది. ఛాతీ నొక్కడం నేర్పడానికి బొమ్మ ఉంటుంది కదా, మీకు ఎక్కడ దొరికింది?

ఎడమకాలు | మంగళవారం, ఉదయం 6:35

బొమ్మ దొరకలేదు తమ్మీ. పాత షర్టులో బట్టల మూట బిగించి కుట్టి, లోపల సగం గాలి నింపిన బంతి పెట్టాం. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. సరిగ్గా ఎంత దిగాలో మాత్రం ఆ అమ్మాయిలే పక్కన కూచుని చూసి చెప్పాలి. బస్సుకు ఇస్తా, ఎప్పుడు కావాలో చెప్పు.